పాఠం 12. కార్బ్యురేటర్‌లో మంచు: చిన్న విమానాల కొత్త పైలట్లకు పొంచి ఉన్న అపాయం

12.0 పీఠిక

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ ప్రాంతంలో ఉండేవారికి రైళ్ల చప్పుడు అలవాటే. కలైకుండా వైమానిక స్థావరం నుంచి లేచే జెట్ విమానాల మోత కూడా అలవాటే. జెట్ ఇంజన్‌లో కార్బ్యురేటర్ ఉండదు. కాని విమానం నడపడం నేర్చుకునేవారు మొదటి రోజునే జెట్ ఎక్కరు. సాధారణంగా రెండు లేక నాలుగు సీట్ల చిన్న విమానంలో శిక్షణ మొదలవుతుంది. ఇటువంటి విమానాల్లో చాలావాటికి పెట్రోలు వంటి ఇంధనంతో నడిచే పిస్టన్ ఇంజన్ ఉంటుంది. సెస్నా 152 వంటి వాటిలో ఆ ఇంజన్‌కు గాలి–ఇంధన మిశ్రమాన్ని అందించేది కార్బ్యురేటరే.

మన దేశంలో 16 ఏళ్లు నిండి, పదో తరగతి పాసైనవారు వైద్య పరీక్ష మొదలైన ఇతర నియమాలకు లోబడి విద్యార్థి పైలట్ లైసెన్సు పొందవచ్చు. అంటే ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు రేపు ఆ సీటులో కూర్చోవచ్చు.

మంచు అనగానే మనకు హిమాలయాలు గుర్తుకు వస్తాయి. ఖరగ్‌పూర్‌లోగాని, విశాఖపట్నంలోగాని మంచు కురవదు. మరి ఇక్కడి ఇంజన్‌కు మంచు భయం ఎందుకు అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోవడమే కొత్త పైలట్‌కు పెద్ద ప్రమాదం. ఈ మంచు ఆకాశం నుంచి కురిసేది కాదు. ఇంజన్ లోపలే తయారవుతుంది.

గమనిక: తెలుగులో మంచు అనే మాటను పొగమంచుకూ, గడ్డి మీది తుషారానికీ, గడ్డకట్టిన నీటికీ కూడా వాడతాం. ఈ పాఠంలో మంచు అంటే గడ్డకట్టిన నీరు మాత్రమే.

12.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• కార్బ్యురేటర్ లోపల ఉష్ణోగ్రత ఎందుకు పడిపోతుందో వివరించగలుగుతారు.
• ఏ వాతావరణంలో, ఇంజన్ ఏ స్థితిలో ఉన్నప్పుడు మంచు ఏర్పడే అవకాశం ఎక్కువో చెప్పగలుగుతారు.
• మంచు పడుతున్నట్లు తెలిపే గుర్తులను గుర్తించగలుగుతారు.
• కార్బ్యురేటర్ హీట్‌ను ఎప్పుడు, ఎలా వాడాలో, కొత్తవారు ఎక్కడ పొరపడతారో వివరించగలుగుతారు.

12.2 కార్బ్యురేటర్ చేసే పని

పాత స్కూటర్‌నో, మోటారు సైకిల్‌నో మెకానిక్ విప్పుతుండగా మీరు చూసే ఉంటారు. గాలి వెళ్లే గొట్టం మధ్యలో సన్నగా నొక్కినట్లు ఉంటుంది. ఈ ఇరుకు భాగాన్ని వెంచురీ అంటారు. ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గిన చోట సన్నని రంధ్రం నుంచి ఇంధనం పైకి లాగబడి, తుంపరలుగా గాలిలో కలుస్తుంది. ఈ రంధ్రాన్ని జెట్ అంటారు. దీనికీ జెట్ విమానానికీ సంబంధం లేదు.

వెంచురీ తర్వాత నాణెంలా గుండ్రంగా ఉండే పలుచని రేకు ఒకటి ఉంటుంది. ఇది థ్రోటిల్ వాల్వ్. పైలట్ థ్రోటిల్ మీటను ముందుకు తోస్తే ఇది తెరుచుకుని ఇంజన్‌కు మిశ్రమం ఎక్కువ అందుతుంది. వెనక్కి లాగితే దాదాపు మూసుకుని సన్నని సందు మాత్రమే మిగులుతుంది. ఈ సన్నని సందును గుర్తుంచుకోండి. మన కథ అంతా ఇక్కడే జరుగుతుంది.

12.3 చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంజెక్షన్ ఇచ్చే ముందు చేతికి స్పిరిట్ రాస్తారు. ఆ చోట చల్లగా అనిపిస్తుంది. స్పిరిట్ ఆవిరి కావడానికి కావలసిన వేడిని మీ చర్మం నుంచి తీసుకోవడమే ఇందుకు కారణం. మట్టికుండలో నీళ్లు వేసవిలో చల్లబడేది కూడా ఈ సూత్రం మీదనే. ద్రవం ఆవిరిగా మారడానికి తీసుకునే ఈ వేడిని బాష్పీభవన గుప్తోష్ణం అంటారని మీకు తెలుసు.

కార్బ్యురేటర్‌లోనూ ఇదే జరుగుతుంది. తుంపరలుగా వచ్చిన ఇంధనం క్షణంలో ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలి నుంచి, లోహం నుంచి వేడిని లాక్కుంటుంది. ఇదీగాక వెంచురీలోనూ థ్రోటిల్ సందులోనూ పీడనం తగ్గడం వల్ల గాలి మరికొంత చల్లబడుతుంది. రెండింటిలో మొదటి కారణానిదే పెద్ద వాటా. ఈ రెండూ కలిసి ఉష్ణోగ్రతను 20 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వరకు, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువగా కూడా తగ్గించగలవు.

ఇప్పుడు చిన్న లెక్క చేయండి. బయట 28 డిగ్రీలు ఉంది. లోపల 30 డిగ్రీలు తగ్గింది. మిగిలింది సున్నాకు 2 డిగ్రీలు తక్కువ. గాలిలో తేమ ఉంటే, ఆ తేమ లోహం మీద పేరుకుని గడ్డకట్టడానికి ఇంతకంటె ఏమీ అక్కర్లేదు. బయట పైలట్ చెమటలు కక్కుతుండగానే లోపల మంచు పెరుగుతుంది.

ఇంజన్‌కు గాలి వెళ్లే దారిలో మంచు మూడు విధాలుగా పడుతుంది:
(అ) ఇంధనం ఆవిరి కావడం వల్ల పడే మంచు.
(ఆ) థ్రోటిల్ వాల్వ్ అంచున, దాని వెనుక పడే మంచు.
(ఇ) అతిశీతల మేఘాల్లోని తేమ గాలి ద్వారానికి, గాలి వడపోతకు తగిలి గడ్డకట్టే మంచు.

మొదటి రెండు రకాలు మేఘం ఒక్కటీ లేని ఎండపూట కూడా రావచ్చు. మన ప్రాంతంలో శిక్షణ పొందేవారు ముఖ్యంగా తెలుసుకోవలసినవి ఇవే.

కృత్యం 1: థర్మామీటరు బల్బుకు దూది చుట్టి, దాని మీద కొద్దిగా స్పిరిట్ చల్లి, విసనకర్రతో విసరండి. ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు తగ్గిందో రాసుకోండి. దగ్గర్లో మంట ఉండరాదు. ఈ ప్రయోగానికి పెట్రోలు వాడకండి.

పాఠ్యాంశ ప్రశ్నలు 12.1

1. కార్బ్యురేటర్‌లో చల్లదనానికి రెండు కారణాలు రాయండి.
2. ఖాళీలు పూరించండి: వెంచురీలో గాలి వేగం ________, పీడనం ________.
3. తప్పా, ఒప్పా? "బయట ఉష్ణోగ్రత సున్నా కంటె తక్కువ ఉంటేనే కార్బ్యురేటర్‌లో మంచు పడుతుంది."

12.4 ఏ వాతావరణంలో ప్రమాదం ఎక్కువ?

ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు. గాలిలో తేమ ఎంత ఉందో చూడాలి. ఉష్ణోగ్రత సుమారు 21 డిగ్రీల లోపు ఉండి, సాపేక్ష ఆర్ద్రత 80 శాతం దాటితే మంచు పడే అవకాశం చాలా ఎక్కువ. అయితే 38 డిగ్రీల వేడిలో, 50 శాతం ఆర్ద్రతలో కూడా మంచు పడవచ్చు.

పైలట్‌కు ఇచ్చే వాతావరణ నివేదికలో సాపేక్ష ఆర్ద్రతకు బదులు రెండు అంకెలు ఉంటాయి. ఒకటి గాలి ఉష్ణోగ్రత. రెండవది తుషార స్థానం. గాలిని ఏ ఉష్ణోగ్రత వరకు చల్లబరిస్తే అందులోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలవుతుందో దానిని తుషార స్థానం అంటారు. ఈ రెండు అంకెలు ఎంత దగ్గరగా ఉంటే గాలిలో తేమ అంత ఎక్కువ అని గ్రహించండి.

ఉదాహరణ: పూరీ గేట్ మీదుగా ఒక చిన్న శిక్షణ విమానం వెళ్తోందని ఊహించండి. (ఈ ప్రాంతం వైమానిక దళ స్థావరానికి దగ్గర. అనుమతి లేకుండా ఇక్కడ పౌర విమానాలు ఎగరరాదు. లెక్క కోసమే ఈ ఊహ.) మూడు వేర్వేరు రోజులు తీసుకుందాం.

మొదటి రోజు: మే నెల మధ్యాహ్నం, పొడిగాలి. ఉష్ణోగ్రత 40, తుషార స్థానం 12 డిగ్రీలు. తేడా 28. సాపేక్ష ఆర్ద్రత సుమారు 19 శాతం. మంచు పడే అవకాశం స్వల్పం.

రెండవ రోజు: జూలై నెల ఉదయం, వాన వెలిసింది. ఉష్ణోగ్రత 28, తుషార స్థానం 25 డిగ్రీలు. తేడా 3. ఆర్ద్రత సుమారు 84 శాతం. థ్రోటిల్ తగ్గించి కిందికి దిగేటప్పుడు ప్రమాదం ఎక్కువ.

మూడవ రోజు: జనవరి నెల ఉదయం, పొగమంచు అప్పుడే విడిపోయింది. ఉష్ణోగ్రత 15, తుషార స్థానం 13 డిగ్రీలు. తేడా 2. ఆర్ద్రత సుమారు 88 శాతం. దిగేటప్పుడే కాదు, సమాన ఎత్తులో సాగిపోయేటప్పుడు కూడా తీవ్రమైన మంచు పడవచ్చు.

రెండవ రోజును మరొకసారి చూడండి. చొక్కా ఒంటికి అంటుకునే ఉక్కపోతలో మంచు మాట ఎవరికీ తోచదు. వర్షాకాలంలో ఖరగ్‌పూర్‌లోను, విశాఖపట్నం, కాకినాడ వంటి కోస్తా ఊళ్లలోను ఇటువంటి ఉదయాలు సర్వసాధారణం.

12.5 థ్రోటిల్ తగ్గించినప్పుడు ఏమవుతుంది?

థ్రోటిల్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు గాలి వెళ్లే దారి విశాలం. కొద్దిపాటి మంచు పడినా అంత నష్టం ఉండదు. దిగడానికి థ్రోటిల్ తగ్గించగానే మూడు మార్పులు ఒక్కసారిగా జరుగుతాయి.

1. థ్రోటిల్ వాల్వ్ వెనుక పీడనం బాగా తగ్గి చల్లదనం పెరుగుతుంది.
2. మిగిలింది సన్నని సందే కనుక కొద్ది మంచుకే అది మూసుకుపోతుంది.
3. ఇంజన్ శక్తి తగ్గడంతో పొగగొట్టం చల్లబడుతుంది. మంచును కరిగించడానికి ఉపయోగపడే వేడి కూడా తగ్గుతుంది.

మెకానిక్ భాషలో చెప్పాలంటే బండి "స్లో"లో ఉంది. శబ్దం ఎలాగూ తక్కువ. కనుక ఇంజన్ బలం తగ్గుతున్న సంగతి చెవికి తెలియదు. రన్‌వేకు ముందు మళ్లీ థ్రోటిల్ తోసినప్పుడు ఇంజన్ దగ్గుతుంది, లేదా పలకదు.

అప్పటికి ఎంత వ్యవధి మిగిలి ఉంటుంది? సెస్నా 152 వంటి విమానం ఇంజన్ బలం లేకుండా నిమిషానికి సుమారు 650 అడుగులు దిగుతుంది. 500 అడుగుల ఎత్తులో ఇంజన్ ఆగితే నేలను తాకడానికి సుమారు 46 సెకన్లు. పేరుకున్న మంచు కరగడానికి అర నిమిషం నుంచి కొన్ని నిమిషాల వరకు పట్టవచ్చు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆలస్యంగా మేలుకొంటే మందు ఉన్నా ఫలితం ఉండదు.

12.6 గుర్తులు

రెక్కల కోణం మారని ప్రొపెల్లర్ ఉన్న విమానంలో మొదటి గుర్తు: థ్రోటిల్ కదపకుండానే ఇంజన్ తిరుగుళ్లు, అంటే ఆర్.పి.ఎం., మెల్లగా తగ్గడం. రెక్కల కోణం తనంతట మారే ప్రొపెల్లర్ ఉంటే తిరుగుళ్లు తగ్గవు. మానిఫోల్డ్ పీడనాన్ని చూపే ముల్లు కిందికి జారుతుంది.

రెండవ గుర్తు: వేగమో, ఎత్తో కొద్దికొద్దిగా తగ్గడం. మూడవ గుర్తు: ఇంజన్ అదరడం, మధ్యమధ్య దగ్గడం. ఆ తర్వాత ఇంజన్ ఆగిపోవచ్చు.

ఆర్.పి.ఎం. కొద్దిగా తగ్గగానే అనుభవం లేనివారు ఏం చేస్తారో గమనించండి. థ్రోటిల్‌ను కొంచెం ముందుకు తోస్తారు. ముల్లు మునుపటి చోటికి వస్తుంది. తిరిగి తగ్గుతుంది. తిరిగి తోస్తారు. ఇలా జరుగుతున్నంతసేపు మంచు పెరుగుతూనే ఉంటుంది. కారణం తెలియకుండా థ్రోటిల్‌ను రెండవసారి తోయవలసి వస్తే మంచును అనుమానించాలి.

12.7 కార్బ్యురేటర్ హీట్

ఈ అపాయానికి మందు విమానంలోనే ఉంది. థ్రోటిల్ పక్కన కార్బ్యురేటర్ హీట్ అనే నాబ్ ఉంటుంది. దీనిని లాగితే బయటి చల్లగాలికి దారి మూసుకుంటుంది. పొగగొట్టం చుట్టూ ఉన్న రేకు తొడుగు నుంచి వేడిగాలి కార్బ్యురేటర్‌లోకి వస్తుంది.

వేడిగాలి సాంద్రత తక్కువ. అందుచేత మిశ్రమంలో ఇంధనం పాలు ఎక్కువై శక్తి కొంత తగ్గుతుంది. మంచు లేకపోతే ఆర్.పి.ఎం. కొద్దిగా తగ్గి అక్కడే నిలుస్తుంది. మంచు ఉంటే ఆర్.పి.ఎం. ముందు తగ్గుతుంది. కరిగిన నీరు ఇంజన్‌లోకి పోవడంతో ఇంజన్ ఇంకా ఎక్కువగా అదురుతుంది. తర్వాత ఆర్.పి.ఎం. పెరుగుతుంది.

ఈ పాఠంలో అన్నిటికంటె ముఖ్యమైన విషయం ఇదే. మందు వేసిన వెంటనే జబ్బు ముదిరినట్లు కనిపిస్తుంది. కొత్త పైలట్ భయపడి నాబ్‌ను తిరిగి లోపలికి నెట్టేస్తాడు. ఇంజన్ ఒక క్షణం సర్దుకున్నట్లు ఉంటుంది. కాని మంచు అలాగే ఉంటుంది, మళ్లీ పెరుగుతుంది. కనుక నాబ్‌ను పూర్తిగా లాగాలి. ఇంజన్ అదిరినా అలాగే ఉంచాలి. ఆర్.పి.ఎం. పెరిగి నిలకడ పడేవరకు ఓపిక పట్టాలి.

మరి రెండు సంగతులు. మొదటిది, సగం లాగి వదలరాదు. కార్బ్యురేటర్ ఉష్ణోగ్రత చూపే మీటరు లేని విమానంలో సగం వేడి మేలుకు బదులు కీడు చేయవచ్చు. మరీ చల్లని గాలిలో తేమ పొడి స్ఫటికాలుగా ఉండి అంటుకోకుండా పోతుంది. సగం వేడి దానిని సరిగ్గా అంటుకుని గడ్డకట్టే స్థితికి తెస్తుంది. రెండవది, ఇంజన్ ఆగిన తర్వాత పొగగొట్టం త్వరగా చల్లబడుతుంది. అప్పుడు లాగినా వచ్చేది చల్లగాలే. అందుకే ఇంజన్ తిరుగుతున్నప్పుడే, అనుమానం వచ్చినప్పుడే లాగాలి.

12.8 చరిత్రలో ఒక ఉదాహరణ

ఇది కొత్తవారికి మాత్రమే ఎదురయ్యే సమస్య కాదు. అమెరికాలో విమాన తపాలా పైలట్‌గా పనిచేసిన చార్లెస్ లిండ్‌బర్గ్ 1927 మే 10న తన కొత్త విమానం "స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్"లో శాన్ డియాగో నుంచి సెయింట్ లూయిస్‌కు బయలుదేరాడు. ఆ రాత్రి అరిజోనా కొండల మీద ఇంజన్ దగ్గడం మొదలుపెట్టింది. కార్బ్యురేటర్‌లో మంచు పడి ఉంటుందని అతను అనుమానించాడు. న్యూయార్క్ చేరాక ఇంజన్‌కు కార్బ్యురేటర్ గాలిని వేడిచేసే పరికరం అమర్చారు. మే 20న అతను అట్లాంటిక్ మీదుగా ఒంటరిగా బయలుదేరి, సుమారు 33 గంటల 30 నిమిషాల్లో పారిస్ చేరాడు. కారణాన్ని ముందే అనుమానించి, నేల మీద ఉన్నప్పుడే ఉపాయం చేసుకోవడం ఇందులోని పాఠం.

మంచుకు మరొక లక్షణం ఉంది. అది సాక్ష్యం మిగల్చదు. విమానం పొలంలో దిగిన కొద్దిసేపటికి మంచు కరిగిపోతుంది. ఇంజన్ విప్పి చూస్తే ఏ లోపమూ కనిపించకపోవచ్చు. అందుచేత దర్యాప్తు చేసేవారు ఆనాటి ఉష్ణోగ్రత, తుషార స్థానం చూసి అంచనాకు రావలసి వస్తుంది.

12.9 దశలవారీగా జాగ్రత్తలు

బయలుదేరే ముందు: వాతావరణ నివేదికలో ఉష్ణోగ్రత, తుషార స్థానం రెండూ చూడండి. ఇంజన్ పరీక్షలో కార్బ్యురేటర్ హీట్‌ను పూర్తిగా లాగి, కనీసం 15 సెకన్లు ఉంచండి. ఆర్.పి.ఎం. కొంత తగ్గాలి. ఏమీ తగ్గకపోతే పరికరం పనిచేయడం లేదని అనుమానించాలి. నాబ్ నెట్టిన తర్వాత ఆర్.పి.ఎం. మొదటికంటె ఎక్కువైతే, నేల మీదనే మంచు పడిందని అర్థం.

నేల మీద నడిపేటప్పుడు: వేడిగాలి సాధారణంగా వడపోత గుండా రాదు. దుమ్ములో అనవసరంగా వాడకండి.

పైకి లేచేటప్పుడు: పూర్తి శక్తి కావాలి కనుక సాధారణంగా హీట్ వాడరు. అయితే లేవడానికి ముందే మంచు లేదని నిర్ధారించుకోవాలి.

సాగిపోయేటప్పుడు: తేమ ఉన్న రోజు మధ్యమధ్య పూర్తిగా లాగి పరీక్షించండి.

దిగేటప్పుడు: తేమ ఉన్న రోజు థ్రోటిల్ తగ్గించకముందే హీట్ పూర్తిగా లాగండి. తగ్గించిన తర్వాత లాగితే అప్పటికే వేడి తగ్గిపోతుంటుంది. చాలాసేపు దిగుతుంటే మధ్యమధ్య థ్రోటిల్ కొద్దిసేపు పెంచి ఇంజన్‌ను వెచ్చగా ఉంచండి.

దిగడం మానుకుని తిరిగి లేచేటప్పుడు: ముందు థ్రోటిల్ పూర్తిగా తోయండి, తర్వాత హీట్ నాబ్ నెట్టండి.

అన్ని విమానాలూ ఒకే విధంగా ఉండవు. కొన్ని లైకమింగ్ ఇంజన్లలో కార్బ్యురేటర్ వేడి ఆయిల్ సంప్‌కు బిగించి ఉంటుంది కనుక మంచు బెడద కొంత తక్కువ. పాత కాంటినెంటల్ ఇంజన్లలో అది దూరంగా ఉంటుంది కనుక ఎక్కువ. మోటారు పెట్రోలు త్వరగా ఆవిరవుతుంది కనుక దానితో నడిచే తేలికపాటి విమానాల్లో బెడద పెరగవచ్చు. ఇంధన ఇంజెక్షన్ ఉన్న ఇంజన్లలో కార్బ్యురేటర్ ఉండదు కనుక ఈ రకం మంచు పడదు. అయితే గాలి ద్వారం మంచుతో మూసుకుపోయే అవకాశం వాటికీ ఉంది. ఏ విమానానికైనా దాని తయారీదారు ఇచ్చిన పైలట్ పుస్తకమే ప్రమాణం. ఈ పాఠం ఆ పుస్తకానికిగాని, శిక్షకుడికిగాని బదులు కాదు.

పాఠ్యాంశ ప్రశ్నలు 12.2

1. ఉష్ణోగ్రత 26, తుషార స్థానం 24 డిగ్రీలు ఒక రోజు. ఉష్ణోగ్రత 36, తుషార స్థానం 10 డిగ్రీలు మరొక రోజు. ఏ రోజు మంచు ప్రమాదం ఎక్కువ? ఎందుకు?
2. హీట్ నాబ్ లాగగానే ఇంజన్ ఇంకా ఎక్కువగా అదిరింది. పైలట్ ఏం చేయాలి?
3. విమానం నిమిషానికి 650 అడుగులు దిగుతోంది. 1300 అడుగుల ఎత్తు నుంచి నేలకు ఎంత సమయం?

12.10 సారాంశం

• ఇంధనం ఆవిరి కావడం, పీడనం తగ్గడం వల్ల కార్బ్యురేటర్‌లో ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల వరకు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువగా పడిపోవచ్చు.
• చలికంటె తేమ ముఖ్యం. ఉక్కపోత రోజున కూడా మంచు పడుతుంది.
• థ్రోటిల్ తగ్గించి దిగేటప్పుడు ప్రమాదం ఎక్కువ, గుర్తులు తక్కువ.
• కారణం లేకుండా ఆర్.పి.ఎం. తగ్గితే మంచును అనుమానించాలి.
• హీట్‌ను ముందుగా, పూర్తిగా, ఓపికగా వాడాలి. ఇంజన్ ముందు అదిరినా నాబ్ నెట్టరాదు.

12.11 అభ్యాసం

1. మట్టికుండలో నీరు చల్లబడటానికీ, కార్బ్యురేటర్ చల్లబడటానికీ గల పోలికను 5 వాక్యాల్లో రాయండి.
2. ఇంజన్ ఆగిన తర్వాత కార్బ్యురేటర్ హీట్ ఎందుకు ఉపయోగపడదు?
3. మీ ఊరి ఉష్ణోగ్రత, తుషార స్థానం ఒక వారం రోజులు ఉదయం, మధ్యాహ్నం రాసుకోండి. తేడా 5 డిగ్రీల కంటె తక్కువ ఉన్న వేళలను గుర్తించి, ఆ వేళల్లో దిగే పైలట్‌కు మీరిచ్చే సలహా రాయండి.

12.12 పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

12.1
1. ఇంధనం ఆవిరి కావడం. వెంచురీలో, థ్రోటిల్ సందులో పీడనం తగ్గడం.
2. పెరుగుతుంది, తగ్గుతుంది.
3. తప్పు.

12.2
1. మొదటి రోజు. ఉష్ణోగ్రతకూ తుషార స్థానానికీ తేడా 2 డిగ్రీలే కనుక గాలిలో తేమ ఎక్కువ.
2. నాబ్‌ను పూర్తిగా లాగి ఉంచి, ఆర్.పి.ఎం. పెరిగి నిలకడ పడేవరకు ఆగాలి.
3. 2 నిమిషాలు.